సొంతంగా చేసుకునే తంత్రీవాద్యానికి నట్ వెడల్పు, తీగల ఎడం నిర్ణయించడం ఎలా?

గిటారో, ఉకులేలేనో, మూడు తీగల పెట్టె గిటారో సొంతంగా చేసుకుందామని కూర్చున్నవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: "నట్ ఎన్ని మిల్లీమీటర్లు పెట్టాలి?" నా ఉద్దేశంలో ఆ ప్రశ్న చివర్న రావాలి. నట్ వెడల్పు మనం ముందే ఎంచుకునే అంకె కాదు. తీగకీ తీగకీ మధ్య ఎంత ఎడం కావాలో, అంచుల్లో ఎంత చోటు వదలాలో తేలాక, ఆ రెండూ కూడితే వచ్చే అంకె. ముందే ఒక వెడల్పు అనేసుకుని నెక్ (చేత్తో పట్టుకునే పొడవాటి కాడ) చెక్కేస్తే, తర్వాత తీగల్ని అందులో ఎలాగో ఇరికించాల్సి వస్తుంది. చెక్కిన చెక్కకి మళ్లీ వెడల్పు అతికించలేం.

నట్ అంటే నెక్ పైకొసన, తీగలు బిరడాల వైపు దిగేముందు ఆనుకునే చిన్న పట్టీ. దానిమీద గాళ్లు ఉంటాయి, ఒక్కో గాడిలో ఒక్కో తీగ కూర్చుంటుంది. నొక్కే చేతికి చోటు ఇక్కడ కుదరాలి. మీటే చేతికి చోటు బ్రిడ్జి (తీగలు రెండో కొసన, వాద్యం ఒంటిమీద ఆనుకునే పట్టీ) దగ్గర కుదరాలి. రెండు చేతుల అవసరాలు వేరు కాబట్టి రెండుచోట్లా ఎడం వేరువేరుగా ఆలోచించాలి. ఈ రెంటిలో నట్ దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. తీగలు అన్నిటికన్నా ఇరుగ్గా ఉండేది అక్కడే, పొరపాటు వెంటనే తెలిసేదీ అక్కడే. ఆరు తీగల గిటారు నట్‌ను 43 మి.మీ. నుంచి 45కి పెంచితే ఒక్కో ఎడానికి దక్కేది 0.4 మి.మీ. మాత్రమే. కాగితంమీద అదేమంత లెక్కలోకి రాదు గానీ, కార్డు (ఒకేసారి మోగే కొన్ని స్వరాల కలయిక) పట్టుకున్న వేలికి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మొదటి మెట్టు: ఎలా వాయిస్తారో తేల్చుకోండి

కొలబద్ద పట్టుకునే ముందు ఈ వాద్యంమీద ఏం చెయ్యబోతున్నారో నిజాయితీగా చెప్పుకోండి. కార్డులు పట్టుకునేవారికి మూడు నాలుగు వేళ్లు పక్కపక్క తీగలమీద ఒకేసారి దిగాలి, ఏ వేలూ పక్క తీగను తాకకూడదు. వాళ్లకి ఎడం కావాలి. ఒక్కొక్క స్వరంగా రాగం వాయించేవారికి అంత ఎడం అక్కర్లేదు, తీగలు దగ్గరగా ఉంటే వేలు ఒకదానిమీంచి ఇంకోదానికి తొందరగా దాటుతుంది. స్లైడ్‌తో (తీగలమీద జార్చే గొట్టంతో) వాయించేవారికి నట్ దగ్గర ఎడం పెద్ద సమస్య కాదు, మీటే వైపు వెడల్పుగా ఉంటే చాలు.

తీగను పక్కకు లాగి గమకాలు పలికించాలనుకుంటే మాత్రం లెక్క మారుతుంది. వీణ మీదా సితార్ మీదా వాయించే తీగను మెట్టుమీదే (మెట్టంటే ఫ్రెట్, తీగను నొక్కే చోట అడ్డంగా ఉండే కడ్డీ) పక్కకు లాగి పై స్వరాలు పలికిస్తారు. అలా లాగడానికి ఫ్రెట్ పొడవునా ఖాళీ ఉండాలి. మీ వాద్యంలో అలాంటి వాయింపు ఉంటే, లాగే దిశలో ఎంత చోటు కావాలో మొదటే లెక్కలోకి తీసుకోండి. ఎడం ఎంత బాగా కుదిరినా అంచు దగ్గర చోటు లేకపోతే తీగ ఫ్రెట్ మీంచి జారి కింద పడుతుంది.

రెండో మెట్టు: ఉన్న వాద్యాలను కొలవండి, కానీ సరైనదాన్ని కొలవండి

బాగా తెలిసిన వాద్యాల నట్ వెడల్పులు సుమారుగా ఇవి. ఫెండర్ తరహా ఎలక్ట్రిక్ గిటారు 42 మి.మీ., గిబ్సన్ తరహాది 43. స్టీలు తీగల అకూస్టిక్ గిటారు 43 నుంచి 44.5. నైలాన్ తీగల క్లాసికల్ గిటారు 52. పన్నెండు తీగల గిటారు 47, 48 మధ్య. సొప్రానో ఉకులేలే 35. మాండలిన్ 28 నుంచి 30. ఫెండర్ జాజ్ బేస్ 38. వయొలిన్ 24.

ఈ అంకెలు చూసి ఉకులేలే గిటారుకన్నా ఇరుకు అనుకుంటే పొరపాటే. గిటారు 42 మిల్లీమీటర్లలో ఆరు తీగలున్నాయి, అంచులు పోగా ఒక తీగ మధ్య నుంచి పక్క తీగ మధ్యకు దాదాపు 7 మి.మీ. వస్తుంది. ఉకులేలే 35లో ఉన్నవి నాలుగే, అక్కడ ఎడం 9 మి.మీ. పైమాటే. నట్ సన్నం, ఎడం మాత్రం పెద్దది. క్లాసికల్ గిటారులో 8.5 చుట్టూ ఉంటుంది. వయొలిన్‌లో 5.5 మాత్రమే, అక్కడ ఫ్రెట్లు లేవు, ఎక్కువగా ఒక్కో స్వరమే వాయిస్తారు, కావాలంటే ఒకే వేలితో రెండు తీగలూ నొక్కుతారు కాబట్టి ఆ ఇరుకే సుఖం. అందుకే మీకు నచ్చిన వాద్యం చేతికి దొరికితే నట్ వెడల్పు కొలిచి సరిపెట్టుకోకండి, ఎడం కొలవండి.

తీగ మధ్య నుంచి కొలవడం కష్టం, తీగ గుండ్రం కాబట్టి కాలిపర్ (రెండు దవడలతో పట్టి కొలిచే పరికరం) దవడ మధ్యలో నిలవదు. దానికి ఒక ఉపాయం ఉంది. రెండు తీగల బయటి అంచుల మధ్య దూరం కొలవండి. తర్వాత వాటి లోపలి అంచుల మధ్య దూరం కొలవండి. రెండూ కూడి సగం చెయ్యండి. వచ్చేది కచ్చితంగా మధ్య నుంచి మధ్యకు దూరం, తీగల మందం ఎంతో తెలియక్కర్లేదు. మొదటి తీగకీ చివరి తీగకీ ఇలా కొలిచి, మధ్యలో ఎన్ని ఎడాలున్నాయో అంతతో భాగిస్తే సగటు ఎడం వస్తుంది. ఆరు తీగలైతే అయిదుతో, నాలుగైతే మూడుతో భాగించాలి.

మూడో మెట్టు: పనికిరాని చెక్కమీద పరీక్షించండి

ఈ మెట్టు దాటెయ్యాలని చాలామందికి అనిపిస్తుంది. దయచేసి దాటెయ్యకండి. మంచి చెక్కమీద రంపం పెట్టకముందు గంటసేపు ఇక్కడ గడిపితే, వాద్యం ఉన్నన్నాళ్లూ మీ చెయ్యి సుఖపడుతుంది.

అడుగు పొడవున్న చెక్కముక్క ఒకటి తీసుకోండి. వెనకవైపు మీరు చెయ్యబోయే నెక్ లాగే గుండ్రంగా గీకండి, మందం కూడా అంతే ఉంచండి, ఎందుకంటే వెడల్పు ఎలా అనిపిస్తుందన్నది మందంమీద కూడా ఆధారపడుతుంది. రెండు కొసల్లో మేకులో స్క్రూలో దిగ్గొట్టి తీగలు కట్టండి. పైకొసన నట్ బదులు ఎమ్6 బోల్టును అడ్డంగా పెట్టండి. మామూలు ఎమ్6 బోల్టు మరలో ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ దూరం సరిగ్గా 1 మి.మీ. తీగ ఆ గాట్లో కూర్చుంటుంది. ఒక గాటు దాటిస్తే ఎడం ఒక మిల్లీమీటరు మారుతుంది. కొత్తగా గాడి కొయ్యకుండానే 7, 8, 9 మి.మీ. ఎడాలన్నీ వరసగా వేళ్లతో చూడొచ్చు. బోల్టునే శాశ్వతంగా నట్‌గా వాడే పెట్టె గిటార్లు కూడా ఉన్నాయి. మందపాటి తీగలు ఆ గాట్లలో లోతుగా దిగవు గానీ, పరీక్షకు ఇబ్బందేమీ లేదు.

ఇప్పుడు పరీక్ష. మొదటి రెండు మూడు ఫ్రెట్లు ఉండేచోట పక్కపక్కనే ఉన్న మూడు తీగలమీద మూడు వేళ్లు ఒకే వరసలో దించండి. గిటారు వచ్చినవారికి తెలిసిన 'A మేజర్' కార్డు ఇదే. ఒక్కో తీగా విడివిడిగా మీటండి. ఏ తీగైనా మూగబోతే వేలు దాన్ని తాకుతున్నట్టు. తర్వాత మధ్య తీగ ఒక్కదాన్నే నొక్కి, అటూ ఇటూ ఉన్న తీగలు ఖాళీగా మోగుతున్నాయేమో చూడండి. వేలికొన ఎప్పుడూ ఎడంకన్నా వెడల్పుగానే ఉంటుంది, అందుకు కంగారు పడొద్దు. వేలు నిలువుగా వంగి దిగుతుంది కాబట్టి చెక్కను తాకే భాగం చిన్నదే. ఒకసారి పట్టుకుని సరిపోయిందనుకోవద్దు, చెయ్యి అలిసేదాకా వాయించి చూడండి. అలిసిన చెయ్యి ఒంకర పడుతుంది, అసలు ఇరుకు అప్పుడు బయటపడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, ఆరు తీగల వాద్యంలో కార్డులు వాయించేవారు మధ్య నుంచి మధ్యకు 7 మి.మీ. కన్నా తగ్గొద్దు, వేళ్లు ఎంత సన్నమైనా సరే. నాలుగు తీగలకు 9 నుంచి 10 హాయిగా ఉంటుంది. వేళ్లు లావైనంత మాత్రాన ఎడం ఇష్టమొచ్చినట్టు పెంచడం కూడా మంచిది కాదు. ఎడం పెరిగేకొద్దీ మందపు తీగను అందుకోడానికి మణికట్టు ఎక్కువ వంగాలి, అన్ని తీగలనూ ఒకే వేలితో అదిమే బార్ కార్డులకు బలం చాలదు.

జంట తీగలైతే

మాండలిన్ లాగా రెండేసి తీగలు జతగా ఉంటే, జతలోని రెంటి మధ్యా సుమారు 2 మి.మీ. ఉంచండి. మరీ దగ్గరైతే గట్టిగా మీటినప్పుడు ఒకదానికొకటి తగిలి గరగరమంటాయి, మరీ దూరమైతే ఒక వేలు రెంటినీ సమానంగా నొక్కలేదు. జత మధ్యబిందువును ఒక తీగగా భావించి మిగతా లెక్క చెయ్యండి.

నాలుగో మెట్టు: అంచు

అంచు తీగ నుంచి ఫ్రెట్‌బోర్డు (నెక్ మీద ఫ్రెట్లు ఉండే పలక) అంచుదాకా వదిలే చోటుకి స్టీలు తీగల వాద్యాల్లో 3 నుంచి 3.5 మి.మీ. సరిపోతుంది. నైలాన్ తీగలకు 4 నుంచి 4.5 ఉంచాలి, అవి వదులుగా ఉండి వేలికింద ఎక్కువగా దొర్లుతాయి.

ఇక్కడ ఒకటి గమనించండి. ఫ్రెట్ చివర్లను ఏటవాలుగా అరగదీస్తాం కదా. ఫ్రెట్ 1 మి.మీ. ఎత్తుండి, చివరను నిలువునుంచి 35 డిగ్రీలు వాల్చి అరగదీస్తే, పైన దాదాపు 0.7 మి.మీ. పోతుంది. మీరు 3.5 వదిలామనుకున్నా తీగకు నిజంగా మిగిలింది 2.8. కాబట్టి అంచును చెక్క చివరినుంచి కాకుండా ఫ్రెట్ పైభాగం ఎక్కడ ముగుస్తుందో అక్కడినుంచి ఊహించుకోండి.

రెండు అంచులూ సమానంగా ఉండాల్సిన పనిలేదు. సన్నతీగ వైపు అర మిల్లీమీటరు ఎక్కువ వదలండి. వేలితో తీగను కిందికి గీరి వదిలినప్పుడు సన్నతీగే అంచు దాటి జారుతుంది, మందపు తీగ బరువుగా ఉండి అంత తేలిగ్గా జారదు.

మూడు తీగల వాద్యంలో ఒక చిక్కుంది. ఎడం 11 మి.మీ. అనుకుంటే రెండు ఎడాలకు 22, అంచులతో కలిపి 30 కూడా దాటదు. అంత సన్నటి నెక్ బొటనవేలికి పట్టు ఇవ్వదు, స్టీలు తీగల లాగుడుకి వంగే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి నెక్ 36 నుంచి 38 మి.మీ. ఉంచక తప్పదు. అప్పుడు మిగిలిన చోటంతా తీగలకు పంచేసి ఎడాన్ని 15 దాకా సాగదియ్యాలనిపిస్తుంది. వద్దు. ఎడాన్ని 11, 12 దగ్గరే ఉంచి, మిగిలినది అంచులకు వదిలెయ్యండి. తీగను పక్కకు లాగి వాయించేటప్పుడు ఆ చోటే అక్కరకొస్తుంది.

అయిదో మెట్టు: ఎడం మధ్య నుంచా, అంచు నుంచా?

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. తీగల మధ్యబిందువుల్ని సమాన దూరంలో పెడితే లెక్క సులువే గానీ, తీగలన్నీ ఒకే మందం ఉండవు. మందపు తీగలు రెండు పక్కపక్కనుంటే వాటి ఒళ్లే కొంత చోటు తినేస్తుంది. అందుకని వేలికి అందే ఖాళీ మందపు వైపు తక్కువ, సన్నపు వైపు ఎక్కువ అవుతుంది. తీగల అంచుల మధ్య ఖాళీని సమానం చేస్తే ఈ తేడా పోతుంది.

ఒక నట్ పూర్తిగా లెక్కకట్టి చూద్దాం. స్టీలు తీగల గిటారు, ఎడాలూ అంచులూ కూడితే నట్ 44 మి.మీ. వచ్చిందనుకోండి. తీగల మందాలు మందపు వైపు నుంచి 1.35, 1.07, 0.81, 0.61, 0.41, 0.30 మి.మీ. అన్నీ కూడితే 4.55. మందపు వైపు అంచు 3, సన్నపు వైపు 3.5. 44లోంచి ఈ 6.5 తీసేస్తే 37.5. అందులోంచి తీగల మందం 4.55 తీసేస్తే 32.95 మిగిలింది. అయిదు ఖాళీలతో భాగిస్తే ఒక్కో ఖాళీ 6.59 మి.మీ.

ఇక మందపు వైపు అంచునుంచి మొదలుపెట్టి అంచు, సగం తీగ, మిగతా సగం తీగ, ఖాళీ, మళ్లీ సగం తీగ అంటూ కూడుకుంటూ పోండి. గాళ్ల మధ్యబిందువులు ఇలా వస్తాయి: 3.7, 11.5, 19.0, 26.3, 33.4, 40.35. మందపు వైపు రెండు తీగల మధ్యబిందువుల దూరం 7.8, సన్నపు వైపు రెంటిదీ 6.95. వేలికి దొరికే ఖాళీ మాత్రం అంతటా ఒకటే.

ఇదే నట్‌లో మధ్యబిందువుల్ని సమానం చేసి ఉంటే ఒక్కోటి 7.34 వచ్చేది. అప్పుడు మందపు వైపు ఖాళీ 6.1, సన్నపు వైపు 7.0. దాదాపు 0.9 మి.మీ. తేడా. ఆరు తీగల గిటారులో ఈ తేడా తెలుస్తుంది, కాబట్టి సమాన ఖాళీ పద్ధతే మేలు. మూడు తీగలు దాదాపు ఒకే మందమున్న వాద్యానికీ, నైలాన్ తీగల ఉకులేలేకీ ఈ శ్రమ అక్కర్లేదు, మధ్యబిందువులు సమానం చేసినా చాలు.

తీగల మందం వాటి ప్యాకెట్టుమీద రాసే ఉంటుంది. అంగుళాల్లో ఉంటే 25.4తో గుణించండి. తర్వాత వేరే మందం తీగలు వెయ్యాలనుకుంటే ఈ లెక్క మళ్లీ చెయ్యాల్సిందే, కాబట్టి ఏ తీగలు వాడతారో నట్ కంటే ముందే ఖాయం చేసుకోండి.

ఆరో మెట్టు: బ్రిడ్జి వైపు, నెక్ విచ్చుకోవడం

మీటే చేతికి ఎడం ఎక్కువ కావాలి. పిక్‌తో (మీటే చిన్న బిళ్లతో) వాయించే ఎలక్ట్రిక్ గిటార్లలో బ్రిడ్జి దగ్గర తీగకీ తీగకీ 10.5 మి.మీ. చుట్టూ ఉంటుంది. వేళ్లతో మీటే క్లాసికల్ గిటారులో 11.5 పైన, ఉకులేలేలో 13 నుంచి 14, నాలుగు తీగల బేస్‌లో 19. కమానుతో వాయించే వాద్యంలో ఎడంతోపాటు బ్రిడ్జి వంపు కూడా సరిగ్గా ఉండాలి, లేకపోతే కమాను ఒక తీగకు బదులు రెండు తీగల్ని తాకుతుంది. ఇక్కడ ఎడాలు పెద్దవి కాబట్టి మధ్యబిందువుల్ని సమానంగా పెట్టినా తేడా ఏమీ తెలియదు.

తీగలు నట్ దగ్గర ఇరుగ్గా మొదలై బ్రిడ్జి దగ్గరికి విచ్చుకుంటాయి, ఫ్రెట్‌బోర్డు కూడా వాటితోపాటు విచ్చుకోవాలి. 12వ ఫ్రెట్ నట్‌కీ బ్రిడ్జికీ సరిగ్గా సగం దూరంలో ఉంటుంది, కాబట్టి అక్కడి విస్తృతి రెండు చివర్ల సగటు. పై ఉదాహరణలో అంచు తీగల మధ్యబిందువుల దూరం నట్ దగ్గర 36.7. బ్రిడ్జి దగ్గర 55 పెట్టుకున్నామనుకోండి. 12వ ఫ్రెట్ దగ్గర అది 45.9. తీగల సగం మందాలు, ఇరువైపులా 4 మి.మీ. చొప్పున అంచులు కలిపితే ఫ్రెట్‌బోర్డు అక్కడ 54.7 మి.మీ. ఉండాలి. నట్ దగ్గర 44, 12వ ఫ్రెట్ దగ్గర 54.7: ఈ రెండు బిందువుల్నీ కలిపే గీతే నెక్ అంచు. 5వ ఫ్రెట్ దాదాపు పావు దూరంలో, 24వది ముప్పావు దూరంలో ఉంటాయి, సరిచూసుకోడానికి పనికొస్తాయి.

ఎలక్ట్రిక్ వాద్యమైతే పికప్‌లోని (తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే భాగంలోని) అయస్కాంతాలు తీగలకింద పడుతున్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. బిరడాల వైపు కూడా ఒక చూపు వెయ్యండి: నట్ దాటాక తీగ పక్కకు ఎక్కువగా మళ్లితే గాడి గోడకు రాసుకుంటుంది, శ్రుతి చేసేటప్పుడు టిక్కుమని జారుతుంది. బిరడాల రంధ్రాలు వీలైనంతవరకు తీగ దారిలోనే పడేలా తొలవండి.

ఏడో మెట్టు: గీయడం, కొయ్యడం

గాళ్ల స్థానాలన్నీ ఒకే అంచునుంచి కొలవండి. ఒక గాడి నుంచి పక్క గాడికి కొలుచుకుంటూ పోతే చిన్న చిన్న తప్పులు పోగుపడి చివరి తీగ అరమిల్లీమీటరు పక్కకు పోతుంది. పెన్సిలు గీత మందమే అంతుంటుంది, కాబట్టి పదునైన కత్తి మొనతో గీయండి. గుర్తుల్ని కంప్యూటర్లో గీసి, అసలు సైజులో అచ్చేసి, నట్ మీద అంటించుకోవడం ఇంకా తేలిక. అచ్చు కొద్దిగా కుదించుకుపోతుంటుంది, అంటించే ముందు మొత్తం పొడవును కాలిపర్‌తో సరిచూడండి.

ముందు రెండు అంచు తీగల గాళ్లే కొయ్యండి, అదీ పైపైన. ఆ రెండు తీగలూ కట్టి, బ్రిడ్జిని అతికించకుండా కదిలేలా ఉంచి, తీగలు నెక్ అంచులతో ఎలా నడుస్తున్నాయో పైనుంచి చూడండి. నెక్ కొద్దిగా పక్కకు కుదిరి ఉంటే బ్రిడ్జిని ఒక మిల్లీమీటరు జరిపి సరిచెయ్యొచ్చు. రెండు వైపులా అంచు అనుకున్నట్టు వచ్చాకే బ్రిడ్జి స్థానం ఖాయం చేసి, మధ్య గాళ్లు కొయ్యండి.

గాడి తీగకన్నా 0.05 నుంచి 0.1 మి.మీ. వెడల్పుండాలి. ఇరుకైతే తీగ బిగుసుకుంటుంది, వదులైతే పక్కలకు కదిలి మీ లెక్కంతా పాడుచేస్తుంది. గాడి అడుగు బిరడాల వైపు వాలాలి, తీగ ఆనుకునే చోటు ఫ్రెట్‌బోర్డు వైపు అంచే అయ్యుండాలి. లోతు కొద్దికొద్దిగా పెంచండి. తీగను రెండు, మూడు ఫ్రెట్ల మధ్య నొక్కినప్పుడు మొదటి ఫ్రెట్ మీద వెంట్రుక దూరేంత సందుంటే ఆపెయ్యండి. గాడి పక్కకు పోయినట్టు తేలితే, నట్‌ను అరగదీసిన పొడితో దాన్ని నింపి, పల్చటి సూపర్ గ్లూ చుక్క వేసి ఆరాక మళ్లీ కొయ్యొచ్చు. ఎముక నట్‌కు ఇది బాగా పనిచేస్తుంది.

అన్ని తీగలూ శ్రుతిలోకి తెచ్చి, మూడో మెట్టులో చేసిన వేళ్ల పరీక్షే మళ్లీ చెయ్యండి. సరిగ్గా ఉంటే నట్ చివర్లను నెక్‌తో సమంగా అరగదీసి, చేతికి గుచ్చుకోకుండా మూలలు గుండ్రం చేసి, అడుగున రెండు చిన్న చుక్కల జిగురుతో అతికించండి. ఎక్కువ పూస్తే రేపు తీగల మందం మార్చి కొత్త నట్ పెట్టాల్సొచ్చినప్పుడు పాతది చెక్కను చీల్చుకుంటూ వస్తుంది.